పెద్ద ఆపరేషన్ అయిన పెంపుడు కుక్క సంరక్షణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

పొట్టనో ఛాతీనో తెరవడం, విరిగిన ఎముకకు ప్లేటు వేయడం, ఒక అవయవాన్ని తీసేయడం వంటి చికిత్సలను పశువైద్యంలో పెద్ద ఆపరేషన్లుగా లెక్కిస్తారు. కుక్కల్లో ఇలాంటి ఆపరేషన్ చాలాసార్లు ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది. కోలుకోవడానికి మాత్రం పొట్ట ఆపరేషన్‌కు సుమారు రెండు వారాలు, ఎముక ఆపరేషన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ కాలంలో ఎక్కువ భాగం కుక్క ఇంట్లోనే గడుపుతుంది. నర్సు చేయవలసిన పనంతా ఇంటివాళ్లే చేస్తారు. బాగా జరిగిన ఆపరేషన్ ఇంట్లో పాడవడానికి కారణాలు ఎక్కువగా నాలుగే: కుక్క గాయాన్ని నాకడం, గెంతడం, గాయం మీద ఈగలు వాలడం, మెడికల్ షాపులో మనుషుల మాత్ర కొని వేయడం. నాలుగూ ఆపగలిగినవే.

ప్రాంతం, వైద్య సదుపాయాలు

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విభజించినప్పుడు ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. జనగామ హైదరాబాద్–వరంగల్ రహదారి మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉన్న మెట్ట ప్రాంతం. మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉంది. తండాలు ఎక్కువ, మిర్చి, మక్కజొన్న పంటలు ఎక్కువ. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, మహాదేవపూర్ వైపు అడవి ఉన్నాయి. భూపాలపల్లి పట్టణానికి రైలు లేదు.

పల్లెల్లోని ప్రభుత్వ పశువుల దవాఖానలు ప్రధానంగా ఆవులు, బర్రెలు, గొర్రెలు, మేకల కోసం ఏర్పడ్డవి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు రాష్ట్రంలో 2017లో మొదలయ్యాయి. వాటి ముఖ్య ఉద్దేశం కూడా పాడి పశువులు, జీవాలే. కుక్కకు ఎక్స్‌రే, రక్తపరీక్ష, గ్యాస్ మత్తు, ఎముకల ప్లేట్లు అవసరమైనప్పుడు జనం హనుమకొండ, వరంగల్‌కు లేదా హైదరాబాద్‌కు బయలుదేరతారు. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఇది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. జనగామ నుంచి హైదరాబాద్ సుమారు 85 కి.మీ. మహబూబాబాద్ నుంచి గానీ, భూపాలపల్లి నుంచి గానీ వరంగల్ అరవై డెబ్బై కి.మీ. ఉంటుంది.

ఈ దూరమే ఇక్కడి సంరక్షణ తీరును నిర్ణయిస్తుంది. నగరంలో గాయం కాస్త ఎర్రబడితే సాయంత్రం ఆటోలో తీసుకెళ్లి చూపిస్తారు. మహాదేవపూర్ నుంచి అలా పోవాలంటే రోజంతా గడిచిపోతుంది, కారు కిరాయి అదనం. అందుకే ఆపరేషన్ చేసిన డాక్టరు ఫోన్ నంబరు తీసుకోవడం, రోజూ ఒకే వెలుతురులో కుట్ల ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం, మందుల వేళలు, జ్వరం, తిండి, మూత్రం వివరాలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టడం ఈ జిల్లాల్లో చాలా అవసరం. ఇంట్లో నలుగురు చూసుకుంటున్నా రాసే మనిషి ఒక్కరే ఉండాలి. లేకుంటే ఒకే మాత్ర రెండుసార్లు పడుతుంది, లేదా ఎవరూ వేయరు.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆపరేషన్ చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులదే. గోపాలమిత్రలు, దవాఖాన సహాయకులు ఊళ్లలో చాలా సేవ చేస్తున్నారు. డాక్టరు రాసిచ్చిన ఇంజక్షన్ వేయడానికి వాళ్ల సాయం తీసుకోవచ్చు. మందు మార్చే నిర్ణయాన్ని మాత్రం డాక్టరుకే వదలాలి.

ఏ ఆపరేషన్లు ఎక్కువ

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కల్లో నడివయసు దాటాక గర్భసంచికి చీము పడుతుంది. ఎదకు వచ్చి వెళ్లిన నెల రెండు నెలల్లో కుక్క విపరీతంగా నీళ్లు తాగుతూ, తిండి మానేసి, మందకొడిగా ఉంటే దీన్ని అనుమానించాలి. గర్భసంచిని అండాశయాలతో సహా తీసేయడమే నమ్మకమైన చికిత్స. ఈ కుక్కల మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు కనుక ఆపరేషన్ తర్వాత నీళ్లు, మూత్రం మీద ప్రత్యేకంగా కన్నేయాలి.

రహదారి ప్రమాదాల్లో తొడ, కటి ఎముకలు విరగడం ఇంకో పెద్ద కారణం. మహబూబాబాద్ వైపు మక్కల కాలంలో గింజ ఒలిచిన బెండ్లు, ఎండాకాలంలో మామిడి టెంకలు మింగి పేగు మూసుకుపోయిన కుక్కలు కనిపిస్తాయి. మక్క బెండు కడుపులో అరగదు, ఎక్స్‌రేలోనూ తేటగా కనపడదు. అందుకే అది తిన్నట్టు అనుమానముంటే డాక్టరుకు ముందే చెప్పాలి. అడవి అంచు ఊళ్లలో చేను కాపలాకు వెళ్లే కుక్కల్ని అడవిపందులు కోరలతో పొడుస్తాయి. పైకి రెండు వేళ్లంత రంధ్రం కనిపించినా లోపల కండ పొర చిరిగి పేగు బయటికి జారి ఉండవచ్చు. ఇవికాక పగ్ వంటి జాతులకు కాన్పు ఆపరేషన్లు, పాల గ్రంథుల గడ్డలు తీయడం ఉంటాయి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తిరుగుడు కుక్కల్లో జననాంగం మీద పువ్వులా విచ్చుకుని నెత్తురు కారే గడ్డను చూసి ఆపరేషన్ తప్పదనుకుంటారు. జత కట్టినప్పుడు అంటుకునే ఈ గడ్డ వారానికొకసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లతోనే చాలావరకు పూర్తిగా తగ్గుతుంది.

గోమార్ల సమస్యను ఆపరేషన్‌కు ముందే చూసుకోవాలి. గోధుమరంగు కుక్క గోమారు మోసుకొచ్చే ఎర్లీషియా, బెబీసియా జబ్బులు రక్తాన్ని పలచన చేస్తాయి, ప్లేట్‌లెట్లను తగ్గిస్తాయి. అలాంటి కుక్కకు కోత పెడితే నెత్తురు ఆగదు. ముందు రోజు రక్తపరీక్ష చేయించడం ఖర్చు పెంచినట్టు అనిపిస్తుంది గానీ ప్రాణం నిలిపేది చాలాసార్లు అదే. రక్తం ఎక్కించవలసి వస్తే 25 కిలోలు దాటిన, ఆరోగ్యంగా ఉన్న, టీకాలు పడ్డ కుక్క దాతగా పనికొస్తుంది. కుక్కల్లో మొదటిసారి ఎక్కించే రక్తం సాధారణంగా తీవ్రంగా వికటించదు. ఆపరేషన్‌కు వెళ్లేముందే ఊళ్లో అలాంటి లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఎవరింట్లో ఉందో తెలుసుకుని ఉంచడం మంచిది.

ఇంటికి చేర్చడం, మొదటి రాత్రి

మత్తు పూర్తిగా దిగడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తేవడం ప్రమాదం. కారులోనో ఆటోలోనో పక్కకు పడుకోబెట్టి, మెడ చాచి, నాలుక నోటి పక్కకు లాగి ఉంచి తేవాలి. రైల్లో తేవాలంటే నియమాల ప్రకారం మొదటి తరగతి ఏసీ క్యాబిన్ మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో పంపాలి. అప్పుడే ఆపరేషన్ అయిన కుక్కను ఆ పెట్టెలో ఒంటరిగా పంపకూడదు.

ఇంట్లో నేల మీదే పక్క వేయాలి. మంచం మీద పడుకోబెడితే మత్తులో దొర్లి కింద పడుతుంది. గోనె సంచి, దాని మీద పాత దుప్పటి, పైన ఉతికిన చీర చాలు. మత్తు మందులు ఒంటి వేడిని తగ్గిస్తాయి కాబట్టి ఎండాకాలంలో కూడా మొదటి కొన్ని గంటలు కూలర్ గాలి నేరుగా తగలనీయకూడదు. వేడినీళ్ల సీసా ఒంటికి ఆనించి పెడితే కాలుతుంది, మత్తులో ఉన్న కుక్క పక్కకు జరగలేదు. లేవలేకపోతే రెండు మూడు గంటలకోసారి పక్క మార్చాలి. తల నిలబెట్టి, బాగా గుటక వేస్తున్నదని తేలేదాకా చుక్క నీరు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ రాత్రి కుక్క అదేపనిగా మూలుగుతుంది, గోడకేసి చూస్తుంది, పేరు పిలిచినా పలకదు. ఇంటివాళ్లు భయపడతారు. మత్తు దిగే దశలో ఇది మామూలే. పక్కన కూర్చుని తల నిమిరితే చాలావరకు తగ్గుతుంది. అదే మూలుగు మరునాటికీ తగ్గకపోతే నొప్పి అనుకోవాలి.

నొప్పిని గుర్తించడం

నొప్పి ఉంటే కుక్క అరుస్తుందన్నది సరైన నమ్మకం కాదు. ముఖ్యంగా మన నాటు కుక్కలు నొప్పి ఎంత తీవ్రంగా ఉన్నా మూలకు పోయి ముడుచుకు పడుకుంటాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం పశువైద్యులు కుక్క మాట్లాడలేదన్న సమస్యకు పరిష్కారంగా ఒక కొలబద్ద తయారుచేశారు. దాని పొట్టి రూపం 2007లో వెలువడింది. మూలుగు, గాయాన్ని చూసుకోవడం లేదా నాకడం, నడక, గాయం పక్కన తాకినప్పటి స్పందన, మనసు తీరు, పడుకునే భంగిమ అనే ఆరు అంశాలకు మార్కులేస్తారు. మొత్తం 24కు 6 వచ్చినా, నడవలేని కుక్కకు 20కి 5 వచ్చినా నొప్పి మందు ఇవ్వాలన్నది దాని సూచన. ఈ ఆరింటినీ రోజూ కుక్కతో బతికేవాళ్లు డాక్టరు కంటే బాగా పసిగట్టగలరు. ముందు కాళ్లు వంచి, వెనక భాగం పైకెత్తి నిలబడితే కడుపునొప్పి. ఒకే చోట కూర్చోలేక లేస్తూ, పడుకుంటూ ఉన్నా, రాత్రంతా కళ్లు తెరిచి ఉన్నా అది కూడా నొప్పే.

ఇక మాత్రల సంగతి. ఆపరేషన్ తర్వాత కుక్కకు జరిగే హానిలో అన్యాయమైనది ఇదే, ఎందుకంటే ప్రేమతోనే జరుగుతుంది. ఇంట్లో ఉన్న డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మాత్ర సగం విరిచి పెరుగన్నంలో పెడతారు. కుక్కలో ఈ రెండూ కడుపులో పుళ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నెత్తురు పోయి, నీళ్లు తక్కువై ఉన్న శరీరంలో ఆ దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. డైక్లోఫినాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని తేలడంతో పశువులకు దాని వాడకాన్ని దేశంలో 2006లో నిషేధించారు. పారాసిటమాల్‌లో కుక్కకు సరిపడే మోతాదుకూ కాలేయాన్ని చెడగొట్టే మోతాదుకూ మధ్య తేడా తక్కువ. పిల్లికైతే కొంచెమే ప్రాణం తీస్తుంది. డాక్టర్లు సాధారణంగా రాసేది మెలాక్సికామ్. అది కూడా కుక్క బరువు చూసి, తిండి తిన్నాకే వేయాలి. వాంతులు గానీ, తారులా నల్లటి విరేచనం గానీ అయితే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. మెలాక్సికామ్ వాడుతుండగా ఊళ్లో ఎవరైనా నీరసానికని డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేస్తే కడుపు పుండు పడి చిల్లు పడే ప్రమాదముంది. అందుకే ఆపరేషన్ చీటీ ఎవరికి చూపించినా, ఏ మందు నడుస్తున్నదో మొదటి మాటగా చెప్పాలి.

కుట్లు, ఈగలు, మెడకు గొట్టం

మొదటి రెండు మూడు రోజులు కోత అంచుల వెంట కాస్త ఎరుపు, కొద్దిగా వాపు సహజం. పొట్ట ఆపరేషన్‌లో కుట్ల కింద మెత్తగా, నొప్పి లేకుండా నీటి బుడగలా ఉబ్బితే అది చాలావరకు ఒంటి నీరే, మెల్లగా ఇంకిపోతుంది. వాసన, చీము, వేడి, అంచులు విడిపోవడం, కుట్ల మధ్య నుంచి ఎర్రటి నీరు ఆగకుండా కారడం ప్రమాద సూచనలు. కుట్లు తెగి లోపలి పేగు కనిపిస్తే ఉతికిన గుడ్డను శుభ్రమైన సెలైన్‌తో తడిపి కప్పి, లోపలికి నెట్టకుండా ఉన్నపళంగా బయలుదేరాలి.

చర్మం పైకి అతుక్కున్నట్టు కనిపించినా మూడు వారాలకు దాని బలం అసలు బలంలో ఐదో వంతే. కుట్లు విప్పిన మర్నాడే చెరువులో ఈదించడం, కుక్కలతో పరుగెత్తనివ్వడం ఎందుకు వద్దంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. రెండు వారాల దాకా స్నానం కూడా వద్దు.

వానాకాలంలో ఈ జిల్లాల్లో పెద్ద శత్రువు ఈగ. పశువుల కొట్టం, పెంటకుప్ప పక్కనే ఉన్న ఇళ్లలో తడిసిన కుట్ల మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు బయటికి వస్తాయి. ఎడ్లకు పురుగులు పడ్డప్పుడు వాడినట్టు కుక్క గాయంలో కలరా ఉండల పొడి, కిరోసిన్, పెట్రోలు పోయడం పాత అలవాటు. కుక్క దాన్ని నాకుతుంది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చీల్చేస్తుంది. నా ఉద్దేశంలో ఈ ప్రాంతంలో ఆపరేషన్ అయిన కుక్కకు అన్నిటికంటే విలువైన వస్తువు చిన్నపిల్లల మీద కప్పే దోమతెర. దాని తర్వాతే పశువుల మందుల షాపుల్లో దొరికే, ఈగలు వాలనీయని స్ప్రేలు. వాటిని కూడా కోత మీద కాకుండా చుట్టూ కొట్టాలి. పురుగులు కనిపిస్తే ఇంట్లో తీయబోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అవి లోతుకు సొరంగం చేసుకుపోతాయి. మూసుకున్న కుట్ల మీద పసుపు, బూడిద, డెటాల్ ఏదీ పెట్టనక్కర్లేదు. డాక్టరు చెప్పిన పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, ఆరబెట్టి వదిలేస్తే చాలు.

నాకితే పుండు మానుతుందన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. కుక్క నాలుక రంపంలా కుట్లను తెంపుతుంది, నోటి సూక్ష్మజీవులను లోపలికి చేరుస్తుంది. దీన్ని ఆపేది మెడకు కట్టే, గరాటులా విచ్చుకున్న ప్లాస్టిక్ గొట్టం. దాని అంచు ముక్కు కంటే రెండు వేళ్లు ముందుకు రావాలి. షాపులో దొరక్కపోతే పాత బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి వాడుకోవచ్చు. పొట్ట ఆపరేషన్‌కు పిల్లల పాత బనీను తొడిగి నడుము దగ్గర ముడి వేసినా కొంత పనిచేస్తుంది. పాపం చూడలేకపోతున్నామని రాత్రి గొట్టం తీసేస్తారు, కుట్లు తెగేది ఎక్కువగా ఆ రాత్రే. తినేటప్పుడు తీసి, పక్కనే నిలబడి, తినగానే మళ్లీ తొడగాలి.

తిండి, నీళ్లు, మలమూత్రాలు

కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావలసిన కనీస శక్తి దాని బరువును బట్టి ఉంటుంది. 10 కిలోల కుక్కకు సుమారు 400, 20 కిలోలకు 660, 30 కిలోలకు 900 కిలో కేలరీలు. ఉప్పు, కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, ఉడికిన గుడ్డు, కాస్త పెరుగు సరిపోతాయి. మనం తినే కూర కలిపిన అన్నంలో ఉల్లి, వెల్లుల్లి తప్పవు, ఆ రెండూ కుక్క రక్తకణాలను నాశనం చేస్తాయి. బలానికని బొక్కల సూప్ కాస్తారు. ఉల్లి వేయకుండా, బొక్కలు పూర్తిగా వడకట్టి ఇస్తే పర్వాలేదు. ఉడికిన బొక్క విరిగి సూదుల్లా మారి పేగును చీలుస్తుంది. పాలు చాలా కుక్కలకు విరేచనాలు చేస్తాయి.

మొదటి పూట మామూలు తిండిలో నాలుగో వంతు చాలు. తర్వాత రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. మాత్రను ఉడికిన కాలేయం ముక్కలో దాచిపెడితే కుక్క అడగకుండానే మింగుతుంది. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే ఆగకూడదు. నీళ్లు కిలో బరువుకు రోజుకు 40 నుంచి 60 మి.లీ. కావాలి. 24 గంటల్లో మూత్రం పోయకపోతే డాక్టరుకు చెప్పాలి. మలం మాత్రం రెండు నుంచి నాలుగు రోజులు రాకపోయినా కంగారు అక్కర్లేదు. మత్తు, నొప్పి మందులు, ఖాళీ కడుపు మూలంగా అలా జరుగుతుంది.

కదలనీయకపోవడం

అన్నిటిలో కష్టమైనది ఇదే. ఊళ్లో కుక్క వాకిలికీ, చేనుకూ, పక్కవాళ్ల ఇంటికీ స్వేచ్ఛగా తిరిగేది. దాన్ని గేటు దగ్గర గొలుసుతో కడితే దారిన పోయే ప్రతి మనిషి మీదికీ ఎగురుతుంది. కట్టేయడం కంటే చిన్న గదిలోనో మెట్ల కింద చోట తడక అడ్డం పెట్టో ఉంచడం మేలు. బయటికి మలమూత్రాలకే, పట్టీతో, ఐదేసి నిమిషాలు తీసుకెళ్లాలి. వెనక కాళ్లు బలహీనంగా ఉంటే పొట్ట కింద తువ్వాలు వేసి పైకి ఆనిస్తూ నడిపించాలి. బండలు, టైల్స్ మీద కాళ్లు జారతాయి కాబట్టి నడిచే దారంతా గోనె సంచులు పరవాలి.

ఎముక ఆపరేషన్‌లో పదో రోజు నుంచి మూడో వారం దాకా ఎక్కువ ప్రమాదం. నొప్పి తగ్గి కుక్కకు హుషారు వస్తుంది, ఎముక ఇంకా అతుక్కోదు, ప్లేటు ఒక్కటే బరువు మోస్తుంటుంది. ఆ సమయంలో ఒక్క గెంతు చాలు, స్క్రూ ఊడుతుంది. కుక్కపిల్లల్లో మూడు నాలుగు వారాల్లో ఎముక అతుక్కుంటుంది. పెద్దవాటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఎక్స్‌రే తీసి చూశాకే స్వేచ్ఛ ఇవ్వాలి. తొడ ఎముక తలను తీసేసిన ఆపరేషన్ మాత్రం దీనికి విరుద్ధం. అందులో కొద్ది రోజులకే మెల్లగా నడిపించాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది. కాలు తీసేసిన కుక్క కొద్ది రోజుల్లోనే మూడు కాళ్ల మీద నడక నేర్చుకుంటుంది. ఇంటివాళ్లు అలవాటు పడటానికే ఎక్కువ కాలం పడుతుంది.

వెన్నెముక ఆపరేషన్ అయి నడుం కింది భాగం పట్టు తప్పిన కుక్కకు సేవ చాలా శ్రమతో కూడినది. రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట మీద మెల్లగా నొక్కి మూత్రం తీయాలి, గంటల తరబడి ఒకే పక్క పడుకోనీయకూడదు. నొక్కడం ఎలాగో దవాఖానలోనే డాక్టరు చేతుల కింద నేర్చుకుని రావాలి.

వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ జిల్లాల్లో మేలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. రేకుల షెడ్డు కింద ఉంచిన కుక్కకు వడదెబ్బ ఖాయం. మొహం పొట్టిగా ఉండే పగ్ వంటివాటికి ఇంకా ముందే తగులుతుంది. మిర్చి కళ్లాల కాలంలో ఘాటుకు తుమ్మి తుమ్మి పొట్ట కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, కళ్లం గాలి తగలని గదిలో ఉంచాలి.

డాక్టరుకు వెంటనే చెప్పవలసినవి

ఆరోగ్యంగా ఉన్న కుక్క వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. డిజిటల్ థర్మామీటరుకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 103 దాటినా, 99 కంటే తగ్గినా ఫోన్ చేయాలి. పెదవి ఎత్తి చిగురు చూడటం ప్రతి ఇంట్లోనూ నేర్చుకోవలసిన పరీక్ష. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబి రంగు తిరిగి రావాలి. చిగురు పాలిపోయి, పొట్ట ఉబ్బి, కుక్క నిలబడలేకపోతే లోపల నెత్తురు పోతున్నదని అర్థం. అప్పుడు ఆలస్యం పనికిరాదు.

పేగు కోసి కుట్టిన ఆపరేషన్‌లో మూడు నుంచి ఐదో రోజు మధ్య కుట్టు కారే ప్రమాదం ఎక్కువ. అప్పటిదాకా తిని తిరుగుతున్న కుక్క ఉన్నట్టుండి వాంతులు చేసుకుని, పొట్ట ముట్టుకోనీయక, జ్వరంతో పడుకుంటే ఆ రాత్రే బయలుదేరాలి. కడుపు మెలిపడి ఆపరేషన్ అయిన గ్రేట్ డేన్ వంటి పెద్ద కుక్కల్లో మొదటి మూడు రోజులు గుండె లయ తప్పవచ్చు, అందుకే వాటిని ఆ మూడు రోజులూ దవాఖాన ఉన్న ఊళ్లోనే ఉంచుకోవడం మంచిది. కాన్పు ఆపరేషన్ అయిన తల్లికి కొన్ని వారాల్లో ఒళ్లు వణకడం, కాళ్లు బిగుసుకోవడం కనిపిస్తే కాల్షియం (సున్నం) లోపం. కూనల్ని వేరుచేసి వెంటనే చూపించాలి. కట్టు ఉన్న కాలి వేళ్లు వాచినా, చల్లబడినా, వాసన వచ్చినా కట్టు బిగిసిందని తెలుసుకోవాలి.

సేవ చేసేవారి జాగ్రత్త

పదేళ్లుగా చేతిలో అన్నం తిన్న కుక్క కూడా నొప్పిలో కరుస్తుంది. కట్టు మార్చేటప్పుడు తల దగ్గర తనకు బాగా తెలిసిన మనిషి ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. మూతికి గుడ్డ కట్టవచ్చు గానీ, వాంతులవుతున్న కుక్కకూ, ఎండకు రొప్పుతున్న కుక్కకూ కట్టకూడదు. పన్ను దిగితే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ దవాఖానకు వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. మన కుక్కే కదా అని ఊరుకోకూడదు. కుక్కకు టీకా పడిందో లేదో చూపే కార్డు వెంట తీసుకెళ్లాలి.

కుట్లు పది నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు. లోపలివి వాటంతట అవే కరిగే దారాలు. ఆ రోజుకు మళ్లీ వరంగల్ దాకా పోలేనివారు, ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగి, దగ్గరి మండల పశువుల దవాఖానలో విప్పించుకోవచ్చు. ఆపరేషన్ చీటీ, ఎక్స్‌రేలు, ఇంట్లో రాసిన నోటుబుక్కు తీసుకెళ్తే అక్కడి డాక్టరుకు పని సులువవుతుంది. గోమార్ల మందు, ఆగిపోయిన టీకాలు, నట్టల మందు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆ రోజే అడగాలి. పొట్ట ఆపరేషన్ అయిన కుక్కను ఆ తర్వాత మొదటి వారం పట్టీతో పది నిమిషాలు, రెండో వారం ఇరవై నిమిషాలు నడిపించి, ఆపైన వాకిట్లో వదలవచ్చు.